మా కుర్రాడి మొదటి ప్యాచ్‌ని ఒక్క వాక్యంతో మూసేశారు, మళ్లీ ఎలా రాయమంటారు?

ముక్తేశ్వరం_మేడం

నమస్కారమండి. నేను రామచంద్రపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను. ఇల్లు ముక్తేశ్వరం వైపు. రోజూ పంటు మీద గౌతమి దాటి కోటిపల్లి రేవులో దిగి వెళ్తాను. మా క్లాసు పిల్లల విషయంలో సలహా కావాలి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా ఫైనలియర్ కుర్రాడొకడు, లంక గ్రామం వాడు. వాళ్ల మేనమామకి అంబాజీపేటలో కొబ్బరి కొట్టుంది. రైతుకిచ్చే చీటీ తెలుగులో ఉండాలని మేనమామ కోసం వీడు చిన్న బిల్లింగ్ ప్రోగ్రాం రాసేడు. ప్రింటరు 58 మిల్లీమీటర్ల రోలుది. చీటీని వరసలుగా పేర్చడానికి ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా వాడుకుని సవరణలు పంపగలిగే తయారు కోడ్) వాడేడు. దాని పేరు చెప్పను. వాళ్లని బజార్న పెట్టడం నా ఉద్దేశం కాదు.

ఆ లైబ్రరీ పొడుగు పేరు తగిలితే ఇన్ని అక్షరాలని లెక్కపెట్టి కోసేసి, మిగతాది కింది వరసలో వేస్తుంది. ఇంగ్లిష్‌కి ఏ ఇబ్బందీ లేదు. "కొబ్బరి" అంటే మనకి మూడక్షరాలు, కంప్యూటరుకి ఏడు ముక్కలు: క, ఒత్వం, బ, పొల్లు, బ, ర, గుడి. మొదటి ముక్క తరవాత కోత పడితే కింది వరస చుక్కల సున్నాకి తగిలించిన ఒత్వంతో మొదలవుతుంది. నాలుగో ముక్క తరవాత పడితే పైన "కొబ్" అనీ కింద "బరి" అనీ వస్తుంది. దింపు కూలి, ఒలుపు కూలి, కురిడీ ధర, అన్నీ ఇలాగే ముక్కలైపోయి వస్తే ఆ చీటీ రైతుకి ఎందుకు? డబ్బు లెక్క కదా, చదవలేని కాగితం మీద నమ్మకం ఎలా పెట్టుకుంటాడు?

వీడు ఎవర్నీ అడక్కుండా లైబ్రరీ కోడ్ తవ్వి, కోత ఎక్కడ పడుతోందో పట్టుకున్నాడు. జావాస్క్రిప్ట్‌లో ఇంట్ల్ సెగ్మెంటర్ అని ఉంది, పాఠాన్ని మనిషి చూసే అక్షరాలుగా విడగొడుతుంది. దాంతో సరిచేసి, ఆ సవరణని (ప్యాచ్ అంటారు) తీసుకోమని లైబ్రరీవాళ్లకి పుల్ రిక్వెస్ట్ పెట్టేడు. ఇంగ్లిష్ కూడా వాడే రాసుకున్నాడు, నేను చదివేనంతే. ఆ రాత్రికే మూసేసేరు. జవాబు ఇది: "ఇది ఫాంటు సమస్య, మాది కాదు. పంపే ముందు డాక్యుమెంటేషన్ చదవండి."

మర్నాడు వాడు నన్నొకటే అడిగేడు: "మేడం, వాళ్లకి తెలుగు రాదు కదా, ఫాంటు సమస్య అని ఎలా తెలిసింది?" నా దగ్గర జవాబు లేదండి. వాడు ఫోర్క్ (ఆ కోడ్‌కి తను తీసుకున్న నకలు) కూడా చెరిపేసేడు. వేరే ప్రాజెక్టులకి చిన్న చిన్న డాక్యుమెంటేషన్ సవరణలు పంపుదామని తయారవుతున్న ఆడపిల్లలిద్దరు అది చూసి ఆగిపోయేరు.

ప్యాచ్ తీసుకోలేదని నాకు బాధ లేదు. తీసుకోకపోవడం వాళ్ల హక్కు. కానీ మా రేవులో కొత్తగా బండితో పంటు ఎక్కేవాడు తడబడితే "ముందు చక్రం తిప్పు, ఇటు పక్కగా పెట్టు" అంటారు గానీ, తెలీనివాడివి ఎందుకొచ్చావని ఒడ్డుకి పంపెయ్యరు. ఆ మాత్రం కూడా దొరక్కపోతే పల్లెటూరి నుంచి వచ్చిన పిల్లాడు రెండోసారి ఎందుకు వెళ్తాడు?

అడగదలచుకున్నది: వాడిచేత మళ్లీ రాయించాలా, నేనే రాయాలా? రాస్తే ఏమని? వచ్చే బ్యాచ్‌ని ఎలాంటి ప్రాజెక్టులకి పంపాలి?

ఉండి_కాలవగట్టు

మేడం గారూ, మాది ఉండి. ఉద్యోగం హైదరాబాదులో. రాత్రిళ్లూ ఆదివారాలూ ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ చూస్తుంటాను. నేనూ ఇంకొకాయనా, ఇద్దరమే. దానికి జీతం లేదు. మీ కుర్రాడికిచ్చిన జవాబులో విషయమూ తప్పే, తీరూ తప్పే. అయితే అవతలి మనిషి ఎలాంటి స్థితిలో ఉండి రాసుంటాడో చెప్తాను, మీకు పనికొస్తుంది.

డిజిటల్ ఓషన్ కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ జరుపుతోంది. కొన్ని పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్టు ఇచ్చేవారు. 2020లో పనికిరాని రిక్వెస్టులు వరదలా వచ్చిపడ్డాయి. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలులో "అద్భుతమైన ప్రాజెక్టు" అని చేర్చి పంపెయ్యడం, అంతే. నెల మొదట్లోనే నిర్వాహకులు రూలు మార్చి, పాల్గొంటామని ఒప్పుకున్న రిపోజిటరీలకి (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట్లకి) పంపినవే లెక్క అన్నారు. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు రిపోజిటరీకి అలాంటిదే తగిలింది. మన దగ్గరి పిల్లలు ఒక వీడియో పాఠం చూసి, ప్రాక్టీసు అనుకుని, తమ పేర్లు రీడ్‌మీలో చేర్చి అసలు ప్రాజెక్టుకే పంపేశారు. వాళ్లకి అవతల ఎవరున్నారో చెప్పినవాళ్లు లేరు. ఒక్కో దానికీ ఎవరో ఒకరికి మెయిలు వెళ్తుంది, ఎవరో ఒకరు తెరిచి చూడాలి. ఇప్పుడు ఏఐతో రాయించిన రిపోర్టులు కూడా తోడయ్యాయి. కర్ల్ అనే డేటా బదిలీ సాఫ్ట్‌వేర్ నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 జనవరి నుంచీ దీని గురించి రాస్తూనే ఉన్నారు. పైకి పద్ధతిగా కనిపిస్తాయి, లోపల ఏమీ ఉండదు, ఏమీ లేదని తేల్చడానికే గంటలు పోతాయి.

వీటన్నిటి వల్ల, కొత్త ఖాతా, అందులోనూ మన వైపు పేరు కనిపించగానే చదవకుండానే మూసేసే మెయింటెయినర్లు (ప్రాజెక్టు చూసుకునేవాళ్లు) తయారయ్యారు. అది అన్యాయమే, నేను వెనకేసుకు రాను. మీ పిల్లాడు ఎవరో చేసినదానికి శిక్ష పడ్డాడు.

మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. మూసేసేటప్పుడు పెట్టడానికి నాలుగైదు జవాబులు ఓపికున్న రోజున కూర్చుని రాసుకున్నాం. ఇలాంటి ప్రాజెక్టులుండే గిట్‌హబ్ సైటులో అలా దాచుకునే వీలుంది. ప్రతి జవాబులోనూ ఎందుకు మూస్తున్నామో, ఏం తెస్తే మళ్లీ చూస్తామో రెండూ ఉంటాయి. రాత్రి పదకొండింటికి విసుగులో ఉన్నప్పుడు కొత్తగా మాట వెతుక్కోనక్కర్లేదు. ఈ సంగతి మెయింటెయినర్లు ఎవరు కనబడినా చెప్తుంటాను.

గోదారి_రాజు

మేడం, ఏమీ అనుకోకండి. పిల్లల్ని ఇంత సుతారంగా చూసుకుంటే రేపు ఉద్యోగాల్లో ఎలా నెట్టుకొస్తారు? లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) రాసేవాళ్ల మెయిల్ లిస్టులో ఎన్ని తిట్లు నడిచేయో అందరికీ తెలుసు, అయినా అది ఎక్కడికెళ్లిందో చూడండి. ప్యాచ్ బాగుంటే తీసుకుంటారు, లేకపోతే లేదు. మర్యాదలు భోజనాల దగ్గర చేసుకుందాం, మన జిల్లాలకి ఆ పేరు ఉండనే ఉంది. కోడ్ దగ్గర కోడే మాట్లాడాలి.

ముక్తేశ్వరం_మేడం

రాజు గారూ, కోపం లేదండి, కానీ ఒప్పుకోను.

లినక్స్ సంగతి ఎత్తేరు కాబట్టి మొదలు నుంచి చూద్దాం. 1991 ఆగస్టులో 21 ఏళ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్ల గ్రూపులో, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని చెప్పి, మినిక్స్‌లో మీకేం నచ్చింది, ఏం నచ్చలేదని అడిగేడు. ఆరోజు ఆయనా కొత్తవాడే. తరవాత ఆ లిస్టులో నడిచిన మాటల గురించి మీరన్నది నిజమే. ఆ మాటతీరు వల్లే కెర్నెల్ పని మానేశానని యూఎస్‌బీ 3.0 డ్రైవరు చూసిన డెవలపరు 2015లో బహిరంగంగా రాశారు. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ స్వయంగా తన మెయిళ్ల తీరుకి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నారు. అదే నెలలో కెర్నెల్‌కి కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. తిట్లే దాన్ని నిలబెట్టాయని దాన్ని కట్టినాయనే అనుకోలేదు. వెళ్లిపోయినవాళ్లు ఏం రాసేవాళ్లో మనకి ఎప్పటికీ తెలీదు.

సుతారం సంగతి. మా వాడిని వాళ్లు ఇలా అడిగి ఉండొచ్చు: "టెస్టులు ఏవీ? ఈ సెగ్మెంటర్ ఫైర్‌ఫాక్స్‌కి 2024 ఏప్రిల్లో గానీ రాలేదు, పాత బ్రౌజర్ల మాటేంటి? పెద్ద చీటీలకి వేగం తగ్గదా?" ఇవి గట్టి ప్రశ్నలు. వీటిలో పొగడ్త లేదు, "చాలా బాగా చేశావ్ బాబూ" అన్న మాటా లేదు. ఇలా అడిగుంటే వాడు ఆ రాత్రంతా కూర్చునేవాడు, నాకు తెలుసు. ఎందుకంటే తను రాసింది ఎవరో చదివేరని దాంట్లో ఉంది. నేను మర్యాద అంటున్నది అదేనండి. ముందు చదవాలి. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. మళ్లీ రావడానికి దారి ఉందో లేదో చెప్పాలి, లేకపోతే లేదనే చెప్పాలి. ఉండి గారు రాసిపెట్టుకున్న జవాబుల్లో ఉన్నది కూడా ఇదే కదా.

ఇంకో మాట. చదవకపోవడం వల్ల నష్టపోయింది మా పిల్లాడొక్కడే కాదు. ఆ ప్రాజెక్టులో నాకు కనిపించినంతలో తెలుగు చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. వచ్చిన ఒక్కణ్ణీ పంపేసేరు. వాడికి జావాస్క్రిప్ట్ వాళ్లంత రాకపోవచ్చు. కానీ "కొబ్బరి" ఎక్కడ విరగకూడదో వాడికి తెలుసు, వాళ్లకి తెలీదు. కొత్తవాడు అడగడానికే వస్తాడని ఎందుకనుకోవాలి? ఇవ్వడానికి వచ్చేడు వీడు.

కోడ్ దగ్గర కోడే మాట్లాడాలన్నారు. సరే. ఇక్కడ కోడ్ మాట్లాడింది, వినలేదు.

నరసాపురం_లక్ష్మి

మేడం, నేను ఒక సాఫ్ట్‌వేర్‌కి తెలుగు అనువాదాలు చేస్తాను. మొదటిసారి పంపినప్పుడు ఫైలు పేరు, కమిట్ సందేశం (మార్పుకి తగిలించే వివరణ) రెండూ వాళ్ల పద్ధతిలో లేవు. చూసినామె వాటిని తనే సరిచేసి, కింద "ఇలా మార్చాను, ఎందుకంటే విడుదల జాబితా ఈ సందేశాల నుంచే తయారవుతుంది, వచ్చేసారి ఇలా రాయండి" అని పెట్టింది. అంతే. నేను ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆ ఇద్దరమ్మాయిల్నీ వదలొద్దు, ప్లీజ్.

ఆత్రేయపురం_మావయ్య

అమ్మా, నేను టెలిఫోన్స్‌లో చేసి రిటైరయ్యాను. తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను. అది 2003 డిసెంబరులో మొదలైంది. కొత్తగా చేరినవాళ్ల చర్చాపేజీలో స్వాగత సందేశం పెట్టడం అక్కడి ఆనవాయితీ. రచ్చబండ అని ఒక పేజీ, అందులో ఎవరైనా ఏదైనా అడగొచ్చు. అక్కడా మాటామాటా అనుకోవడాలు లేకపోలేదు. కానీ కొత్తవాడు పొరపాటు రాస్తే చెడగొట్టడానికే వచ్చేడని ముందే తీర్మానించకూడదన్నది రాసిపెట్టుకున్న నియమం. అది కాగితం మీద ఉండడం వల్ల, ఎవరైనా కొత్తవాళ్ల మీద విసుక్కుంటే ఇంకొకరు ఆ నియమం చూపించి ఆపుతారు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో కూడా అలా కాగితం మీద ఉందో లేదో చూడండి.

మీ ప్రశ్నలకి వస్తాను. రాయాల్సింది అబ్బాయే. మీరు రాస్తే కాలేజీ తరఫున ఫిర్యాదులా ఉంటుంది, అవతలివాళ్లు సర్దుకుని కూర్చుంటారు. వాళ్ల ప్రవర్తనా నియమావళి కింద ఫిర్యాదు చెయ్యమని ఎవరైనా అంటే వద్దనండి. అది వేధింపులకీ దూషణకీ పెట్టుకున్నది. ఒక ముక్తసరి వాక్యానికి అది ఎత్తితే అసలు పని పక్కకి పోతుంది.

ఫోర్క్ చెరిపేశాడన్నారు కదా, గిట్‌హబ్‌లో ఆ పాత పుల్ రిక్వెస్టు మళ్లీ తెరుచుకోదు. కొత్త ఫోర్క్ తీసుకుని కొత్తది పెట్టాలి, పాతదాని లింకు మొదటి వరసలోనే ఇవ్వాలి. దాచినట్టు కనిపించకూడదు. ఇంగ్లిష్‌లో వాడి మాటల్లోనే రాయమనండి. సారాంశం ఇలా ఉంటే బాగుంటుంది:

"చూసినందుకు ధన్యవాదాలు. ఇది ఫాంటు వల్ల కాదని ఎందుకనుకుంటున్నానో చూపిస్తాను. అదే ఫాంటు, అదే ప్రింటరు: వరస విరగనప్పుడు పదం సరిగ్గా వస్తోంది, మొదటి బొమ్మ. విరిగినప్పుడు మాత్రమే పాడవుతోంది, రెండో బొమ్మ. వరసని కోసే ఫంక్షన్ కోడ్‌పాయింట్లు (కంప్యూటరుకి కనిపించే విడి ముక్కలు) లెక్కపెడుతోంది. తెలుగులో ఒక్క అక్షరం అలాంటివి రెండో మూడో ఇంకా ఎక్కువో కావచ్చు. 2023లో వచ్చిన, కంప్యూటర్లలో లిపులకి పెట్టుకున్న యూనికోడ్ 15.1 ప్రమాణంలో సంయుక్తాక్షరాలని విడగొట్టకుండా ఉంచే నియమం ఉంది. అది తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకీ వర్తిస్తుంది. చిన్న టెస్టు జతచేశాను. పాత బ్రౌజర్ల కోసం ఏ పద్ధతి మీకు నచ్చుతుంది?"

చివర ప్రశ్న ఒక్కటే ఉండాలి. జవాబు చెప్పడం తేలికవుతుంది. "రెస్పెక్టెడ్ సర్" వద్దు, "ప్లీజ్ చూడండి సర్" అని విడిగా మెసేజీలు పెట్టడం అసలే వద్దు. మన పిల్లలు గౌరవం కొద్దీ చేస్తారు, అవతలివాళ్లకి అది ఒత్తిడిగా కనిపిస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం, జ్ఞా లాంటిది, ఐఫోన్లలో యాప్‌లని కూల్చేసిన సంగతి ఉంది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. తెలుగు ఇబ్బందులన్నీ ఫాంటువి కావనడానికి మంచి ఉదాహరణే. అయినా ఆ ఉత్తరంలో పెట్టొద్దు. పెడితే వాదన అవుతుంది, మనకి కావాల్సింది వరస సరిగ్గా విరగడం.

పెట్టేక వారం పది రోజులు ఆగండి.

ఉండి_కాలవగట్టు

మావయ్య గారు "ఒత్తిడి" అన్నందుకు ఒక్కటి చేరుస్తాను. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ని ఒక్కాయనే చూసుకునేవారు. 2022లో ముక్కూమొహం తెలీని ఖాతాలు కొన్ని, ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయని ఆయన మీద పడ్డాయి. నా ఆరోగ్యం బాగోలేదు, ఇది జీతం లేని పని అని చెప్పినా ఆపలేదు. అదే సమయంలో మంచిగా, మర్యాదగా ప్యాచ్‌లు పంపుతున్న జియా టాన్ అనే ఖాతా చేతికి క్రమంగా అధికారం వచ్చింది. అందులో దొంగదారి పెట్టారని 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపరు బయటపెట్టారు. దీని తరవాత కొత్తవాళ్లంటే భయం ఇంకా పెరిగింది. కానీ నాకు అందులో కనిపించేది వేరు. ఆ ఒక్క మనిషితో జనం కాస్త మనుషుల్లా మాట్లాడి, పని పంచుకునుంటే అంత తేలిగ్గా లొంగేవారు కాదేమో. మీ క్లాసులో ఇది కూడా చెప్పండి. తొందరపెట్టకూడదని చెప్తే పిల్లలు వింటారు, ఎందుకో కూడా చెప్తే గుర్తుపెట్టుకుంటారు.

గోదారి_రాజు

మేడం, "ఇవ్వడానికి వచ్చేడు" అన్న మాట దగ్గర ఆగాను. ప్యాచ్‌ని చదవకుండా మూశారన్నది నేను అంతగా పట్టించుకోలేదు. అది మాత్రం పని పద్ధతి కాదు, ఒప్పుకుంటాను. పిల్లలు గట్టిపడాలన్నది ఇప్పటికీ నా అభిప్రాయమే.

ముక్తేశ్వరం_మేడం

అందరికీ కృతజ్ఞతలండి. సంగతి ఎంతవరకు వచ్చిందో చెప్తాను.

రాజు గారూ, గట్టిపడాలి, నిజమే. పనిలో గట్టిపడాలని నా కోరిక, మాటలు పడటంలో కాదు.

మావయ్య గారు చెప్పినట్టే వాడు కొత్త ఫోర్క్‌తో మళ్లీ పెట్టేడు. మేనమామ కొట్టులోనే రెండు చీటీలు తీసి, పక్కపక్కన ఫొటో తీసి జతచేసేడు. మొదట మూసినాయన ఏమీ అనలేదు. అదే ప్రాజెక్టులో ఇంకొకామె రాసింది. తనకి తెలుగు రాదనీ, బొమ్మలు చూసేక విషయం అర్థమైందనీ, పాతదాన్ని తొందరపడి మూసేరనీ. వెంటనే గట్టి ప్రశ్నలు వేసింది: సెగ్మెంటర్ లేని చోట ఏం చేస్తావు, మిగతా లిపులకి టెస్టులేవి? వీడు పాతవాటికోసం చిన్న నియమం రాసేడు: గుణింతపు గుర్తుకీ సున్నాకీ ముందూ, పొల్లుకి ముందూ తరవాతా కోత పడకూడదు. అదింకా సమీక్షలో ఉంది. తీసుకుంటారో లేదో తెలీదు. కానీ రోజూ ల్యాబుకి వచ్చి, సమాధానం వచ్చిందేమో అని ముందు అదే తెరుస్తున్నాడు.

వచ్చే బ్యాచ్ గురించి: ఏ ప్రాజెక్టుకి పంపేముందైనా, క్లాసులో అందరం కూర్చుని ఆ ప్రాజెక్టులో బయటివాళ్లు పెట్టి, మూసేసిన పుల్ రిక్వెస్టులు చదువుతున్నాం. తీసుకున్నవి కాదు, కాదన్నవి. కాదన్నప్పుడు ఎలా మాట్లాడేరో చూస్తే అక్కడివాళ్ల సంగతి తెలిసిపోతోంది. "గుడ్ ఫస్ట్ ఇష్యూ" (కొత్తవాళ్లకి తగిన పని) అని లేబుల్ తగిలించి, అడిగినవాళ్లకి నెలల తరబడి పలకని చోట్లూ కనిపించేయి. ఏ లేబులూ లేకుండా ఓపిగ్గా చెప్పేవాళ్లూ కనిపించేరు. లక్ష్మి గారూ, ఆడపిల్లలిద్దరూ అలా చదివి ఒకటి ఎంచుకున్నారు. రేపో ఎల్లుండో పంపుతారు.

ఇప్పుడు ఒక సాయం కావాలి. టెస్టులకి ఒడియా, మలయాళం, బెంగాలీ పదాలు కావాలి. సంయుక్తాక్షరం పదం మధ్యలో ఉండాలి, కొట్టు చీటీల్లో నిజంగా రాసే మాటలైతే ఇంకా మంచిది. ఆ లిపులు చదవగలిగినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, పదమూ, అది ఎక్కడ విరగకూడదో కింద రాసిపెట్టండి. ఏ పేరుతో చేర్చమంటే ఆ పేరుతోనే చేరుస్తాడు.